వేలు వంగుతుంది, కొన వంగదు: ముంజేతి అడుగు కండరానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

క్లుప్తంగా

వేలి చివరి కణుపును వంచే కండరం వేలిలో లేదు. అది ముంజేతి లోపల, ఎముకను ఆనుకుని ఉంటుంది. పేరు ఫ్లెక్సర్ డిజిటోరం ప్రొఫండస్. బొటన వేలు తప్ప మిగతా నాలుగు వేళ్లకూ అదొక్కటే దిక్కు, కానీ దాన్ని నడిపే నరాలు రెండు. మాంజా కోత, కబడ్డీలో లాగుడు, మోచేయి విరిగిన పిల్లల చేతికి బిగుసుకున్న కట్టు, కుష్ఠు వల్ల దెబ్బతిన్న నరం లాంటి వేర్వేరు సమస్యలు ఈ కండరం దగ్గరే కలుస్తాయి. మధ్య కణుపు వంగుతోంది కదా అన్న ధీమాతో చివరి కణుపును పరీక్షించకపోవడం వల్ల చాలా కేసులు ఆలస్యంగా బయటపడతాయి.

సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్ ఆస్పత్రుల క్యాజువాలిటీకి వచ్చే చేతి గాయాల్లో ఒక రకం ఉంది. డాబా మీద గాలిపటం ఎగరేస్తుండగా గాజుపొడి పూసిన దారం వేలిని కోస్తుంది. గాయం సెంటీమీటరు కూడా ఉండదు. రక్తం ఆగుతుంది, రెండు కుట్లు పడతాయి, టీటీ ఇంజెక్షన్ చేస్తారు. వేలు ముడవమంటే ముడుచుకుంటుంది. పర్వాలేదనుకుని ఇంటికి వెళ్లిపోతారు. కుట్లు విప్పి, నొప్పి తగ్గి, మళ్లీ పనిలో పడ్డాక గానీ తేడా తెలియదు. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే, బస్సులో రాడ్డు పట్టుకుంటుంటే, అన్నం కలుపుతుంటే ఆ వేలి కొన ఒక్కటే నిటారుగా నిలబడిపోతుంది.

ఇందులో ఎవరి నిర్లక్ష్యం ఎంత అనేది వేరే చర్చ. ఇలాంటి పొరపాటుకు వీలు కల్పించేది చేతి నిర్మాణమే. వేలు ముడవడం ఒకే పనిలా కనిపిస్తుంది గానీ, ఒక్కో కణుపును వంచే కండరం వేరు. వాటిలో ఒకటి పూర్తిగా తెగిపోయినా మిగతావి వేలిని ముడిచేస్తాయి. చూసేవారికి వేలు పని చేస్తున్నట్టే ఉంటుంది.

ఎముకను ఆనుకున్న పొర

వేళ్లలో ఎముకలు, టెండన్లు (కండను ఎముకకు కలిపే గట్టి తాళ్లు), నరాలు, రక్తనాళాలు, కొవ్వు, చర్మం ఉంటాయి. కండ మాత్రం ఉండదు. వేళ్లను బలంగా ముడిచే కండరాలు ముంజేతి లోపలి వైపు, అంటే అరచేతి వైపు, పొరలు పొరలుగా సర్దుకుని ఉంటాయి. పైపొరలోని కండరాలు ఎక్కువగా మణికట్టును వంచుతాయి. మధ్య పొరలో ఉండేది ఫ్లెక్సర్ డిజిటోరం సూపర్‌ఫిషియాలిస్. డాక్టర్లు పొట్టిగా ఎఫ్‌డీఎస్ అంటారు. అన్నిటికన్నా అడుగున, ఎముకల మీద పరుచుకుని మూడు కండరాలుంటాయి. బొటన వేలి కొనను వంచే ఫ్లెక్సర్ పొలిసిస్ లాంగస్, మణికట్టుకు కాస్త పైన చదరంగా ఉండే ప్రొనేటర్ క్వాడ్రేటస్, ఈ వ్యాసం ప్రధానంగా చర్చించే ఫ్లెక్సర్ డిజిటోరం ప్రొఫండస్. దీన్ని ఎఫ్‌డీపీ అంటారు.

ముంజేతిలో చిటికెన వేలి వైపున్న ఎముక అల్నా. దాని పై మూడొంతుల భాగం ముందు తలం నుంచీ, లోపలి తలం నుంచీ ఎఫ్‌డీపీ మొదలవుతుంది. రెండు ఎముకల మధ్య పరుచుకున్న పొర నుంచి కూడా కొంత భాగం వస్తుంది. లోతున ఉన్నా దీన్ని చేత్తో గుర్తించవచ్చు. మోచేయి మడిచి, మోచేతి చివర నుంచి మణికట్టు వైపు గట్టిగా తగిలే ఎముక అంచును పట్టుకుని, ఆ అంచు పక్కన లోపలి వైపు వేళ్లు ఆనించి పిడికిలి బిగిస్తే కింద కండ ఉబ్బడం తెలుస్తుంది.

కిందికి వచ్చేసరికి ఈ కండరం నాలుగు టెండన్లుగా మారుతుంది. మణికట్టు దగ్గర ఇవి కార్పల్ టనెల్ అనే ఇరుకు దారిలో వెళ్తాయి. అక్కడ ఎఫ్‌డీఎస్‌వి నాలుగు, ఎఫ్‌డీపీవి నాలుగు, బొటన వేలిది ఒకటి, మొత్తం తొమ్మిది టెండన్లు. వాటితో పాటు మీడియన్ నరం. అరచేతిలో ఒక్కో ఎఫ్‌డీపీ టెండన్ నుంచి లంబ్రికల్ అనే చిన్న కండరం మొదలవుతుంది. మామూలుగా కండరాలు ఎముకను పట్టుకుని మొదలవుతాయి. ఇది మాత్రం మరో కండరపు టెండన్ మీద పుట్టి, వేలిని చాచే టెండన్ వైపు వెళ్లి కలుస్తుంది.

వేలి మొదట్లో మరో అమరిక ఉంది. పైనున్న ఎఫ్‌డీఎస్ టెండన్ రెండుగా చీలి, మధ్య ఎముకకు రెండు వైపులా అతుక్కుంటుంది. ఆ చీలిక గుండా ఎఫ్‌డీపీ టెండన్ ముందుకు సాగి వేలి చివరి ఎముక మొదటికి చేరుతుంది. ఈ చీలికను పద్దెనిమిదో శతాబ్దపు డచ్ శాస్త్రవేత్త పెట్రస్ కాంపర్ పేరుతో కాంపర్ కయాజ్మా అంటారు. కాబట్టి మధ్య కణుపును వంచడానికి రెండు కండరాలుంటే, చివరి కణుపుకు ఎఫ్‌డీపీ ఒక్కటే ఉంది.

టెండన్ వేలి పొడవునా ఒక తొడుగులో జారుతుంది. సైకిల్ బ్రేక్ వైరు పని చేసే తీరు ఇదే. లాగేది ఒక చోట, కదిలేది మరో చోట, మధ్యలో వైరు తన గొట్టంలో అడ్డం లేకుండా జారాలి. వేలిలో ఈ తొడుగును ఎముకకు అదిమి పెట్టే పట్టీలను పుల్లీలు అంటారు. ఏ1 నుంచి ఏ5 వరకు అయిదు అడ్డ పట్టీలు, వాటి మధ్య గుణకారం గుర్తులా ఉండే సన్నటి పట్టీలు ఉంటాయి. ఏ2, ఏ4 తెగితే టెండన్ ఎముకను వదిలి చర్మం కిందికి వింటినారిలా లేస్తుంది. కండరం ఎంత లాగినా వేలు పూర్తిగా ముడుచుకోదు. ఏ1 దగ్గర దారి ఇరుకైతే వేలు ముడిచాక ఇరుక్కుని, టక్కుమని శబ్దంతో తెరుచుకుంటుంది. షుగర్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే ట్రిగ్గర్ ఫింగర్ ఇదే.

నాలుగు వేళ్లు, ఉమ్మడి కండ

చేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టి, రెండో చేత్తో చూపుడు, మధ్య, చిటికెన వేళ్లను నిటారుగా అదిమి పట్టి, ఉంగరం వేలిని మాత్రం వంచి చూస్తే ఒక విషయం తేలుతుంది. మధ్య కణుపు వంగుతుంది. వేలి కొన మాత్రం పట్టు లేకుండా వేలాడుతుంది, కదిపితే అటూ ఇటూ ఊగుతుంది. అది జబ్బు కాదు. మధ్య, ఉంగరం, చిటికెన వేళ్ల ఎఫ్‌డీపీ టెండన్లు ముంజేతిలో ఒకే కండ నుంచి వస్తాయి. మిగతా వేళ్లను చాచి పట్టుకుంటే ఆ ఉమ్మడి కండ ముందుకు సాగి ఉండిపోతుంది, ఒక్క వేలి కోసం వెనక్కి కుదించుకోలేదు. అప్పుడు వేలిని వంచేది ఎఫ్‌డీఎస్ ఒక్కటే. ఎఫ్‌డీఎస్ పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే పరీక్ష ఇదే. చూపుడు వేలి వాటా చాలామందిలో ముంజేతి మధ్య నుంచే విడిగా ఉంటుంది. అందుకే ఆ వేలికి కొంత స్వేచ్ఛ ఎక్కువ, ఈ పరీక్ష ఆ వేలి విషయంలో అంతగా నమ్మదగింది కాదు కూడా.

ఈ ఉమ్మడి కండ వల్ల ఒక వేలికి తగిలిన దెబ్బ పక్క వేళ్లకు పాకుతుంది. స్విట్జర్లాండ్ సర్జన్ క్లాడ్ వెర్డాన్ 1960లో దీనికి క్వాడ్రిగా అని పేరు పెట్టారు. నాలుగు గుర్రాల పగ్గాలు ఒకే చేతిలో ఉండే రోమన్ రథం పేరది. ఒక పగ్గం పొట్టిదైతే మిగతా మూడూ సరిగ్గా బిగుసుకోవు. ఉంగరం వేలి టెండన్‌ను మరీ బిగించి కుట్టినా, తెగిపోయిన వేలి మొండి మీద టెండన్‌ను చాచే టెండన్‌తో కలిపి కుట్టేసినా ఈ పరిస్థితి వస్తుంది. అప్పుడు దెబ్బ తగలని మధ్య వేలు, చిటికెన వేలు కూడా అరచేతిని తాకలేవు. రోగి ఫిర్యాదు చేసేది బాగున్న వేళ్ల గురించి. కారణం తెలియని చోట అది వింతగానే అనిపిస్తుంది.

ఇలాంటిదే, కానీ పుట్టుకతో వచ్చే తేడా మరొకటి ఉంది. కొందరిలో బొటన వేలి కొనను వంచే టెండన్‌కూ, చూపుడు వేలి ఎఫ్‌డీపీ టెండన్‌కూ మధ్య లంకె ఉంటుంది. బొటన వేలిని అరచేతిలోకి మడిస్తే చూపుడు వేలి కొన కూడా దానంతట అదే వంగుతుంది. 1979లో లిన్‌బర్గ్, కామ్‌స్టాక్ దీన్ని వివరించారు. చాలామందికి ఇది తమకుందని కూడా తెలియదు. వీణ, గిటారు లాంటివి సాధన చేసేవారికి మాత్రం ఇబ్బందిగా మారవచ్చు.

రెండు నరాల ఉమ్మడి ఆస్తి

ఒకే కండరాన్ని రెండు నరాలు పంచుకోవడం శరీరంలో అరుదు. ఎఫ్‌డీపీలో చూపుడు, మధ్య వేళ్ల వైపు సగం మీడియన్ నరం నుంచి చీలే ఆంటీరియర్ ఇంటరాసియస్ శాఖ అధీనంలో ఉంటుంది. ఉంగరం, చిటికెన వేళ్ల వైపు సగం అల్నార్ నరానిది. మధ్య వేలి దగ్గర సరిహద్దు మనిషి మనిషికీ కొంత మారుతుంది. ఏ వేలి కొన పడిపోయిందో చూసి, ఏ నరం దెబ్బతిన్నదో, ఎక్కడ దెబ్బతిన్నదో చాలావరకు చెప్పేయవచ్చు.

ఆంటీరియర్ ఇంటరాసియస్ శాఖ దెబ్బతింటే బొటన వేలు, చూపుడు వేలి కొనలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టలేరు. సున్నా బదులు కొనలు చదునుగా ఆనుకుని పొడుగాటి ఆకారం వస్తుంది. 1952లో కైలో, నెవిన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ స్థితిని వివరించారు. ఇందులో తిమ్మిరి, స్పర్శ కోల్పోవడం లాంటివి ఉండవు, ఎందుకంటే ఆ శాఖ చర్మానికి వెళ్లదు. స్పర్శ బాగానే ఉంది కాబట్టి నరం బాగుందని అనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. టెండన్ తెగిందా, నరం పడిపోయిందా అన్న సందేహం కూడా వస్తుంది. దాన్ని తీర్చడానికి మణికట్టును ఎదుటివారే మెల్లగా వెనక్కి వంచి చూస్తారు. టెండన్ బాగుంటే మణికట్టు వెనక్కి వెళ్లేకొద్దీ వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి. తెగి ఉంటే ఆ వేలు వరస తప్పి నిటారుగా ఉండిపోతుంది. చెప్పిన మాట వినని చిన్నపిల్లల్లోనూ, స్పృహ లేనివారిలోనూ ఈ పరీక్ష చాలా ఉపయోగపడుతుంది.

అల్నార్ నరం విషయం మరింత ఆసక్తికరం. మోచేతి లోపలి వైపు, దెబ్బ తగిలితే షాక్ కొట్టినట్టు జివ్వుమనే చోట ఈ నరం చర్మానికి దగ్గరగా ఉంటుంది. కుష్ఠు వ్యాధిలో ఎక్కువగా దెబ్బతినే నరాల్లో ఇదొకటి. దాని ఫలితంగా ఉంగరం, చిటికెన వేళ్లు కొక్కెంలా వంగిపోతాయి. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒక కండరపు టెండన్‌ను మరో పనికి మళ్లించి కుష్ఠు రోగుల చేతులను సరిదిద్దే శస్త్రచికిత్సలకు బాట వేశారు. హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలోని శివానంద పునరావాస కేంద్రం దశాబ్దాలుగా కుష్ఠు రోగుల కోసం పని చేస్తోంది.

నరం మణికట్టు దగ్గర తెగితే వేళ్లు బాగా కొక్కెంలా వంగుతాయి. అదే నరం ఇంకా పైన, మోచేతి దగ్గర తెగితే నష్టం ఎక్కువ కాబట్టి వంకర కూడా ఎక్కువ ఉండాలి. ఉండదు, తగ్గుతుంది. అరచేతిలోని చిన్న కండరాలు పడిపోయినప్పుడు ఎఫ్‌డీపీ వేలి కొనలను అడ్డు లేకుండా లోపలికి లాగడం వల్ల ఆ వంకర వస్తుంది. మోచేతి దగ్గర దెబ్బతింటే ఎఫ్‌డీపీలో ఆ సగం కూడా పడిపోతుంది, లాగే శక్తే ఉండదు. కాబట్టి చేయి చూపుకు మెరుగ్గా, పనికి అధ్వానంగా ఉంటుంది. నరం కోలుకోవడం మొదలయ్యాక ముందు ఎఫ్‌డీపీకి బలం వస్తుంది, వంకర పెరుగుతుంది. రోగికి టెన్షన్ పెరిగే ఆ దశ నిజానికి మంచి సూచన.

మాంజా: చిన్న గాయం, లోతు కోత

ధూల్‌పేట, గుల్జార్ హౌజ్ ప్రాంతాల్లో గాలిపటాల వ్యాపారం పాత హైదరాబాద్ జీవితంలో భాగం. నూలు దారానికి గాజుపొడి పట్టించిన మాంజా కూడా కోస్తుంది, కానీ ఎక్కువ బలం పడితే తెగిపోతుంది. చైనా మాంజా అని పిలిచే నైలాన్, సింథటిక్ దారం తెగదు. అది తెగనప్పుడు తెగేది చర్మమే. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో ఇలాంటి మాంజా తయారీ, అమ్మకం, నిల్వ, వాడకాలను దేశవ్యాప్తంగా నిషేధించింది. ఆ తర్వాత కూడా ప్రతి సంక్రాంతికీ పోలీసులు దాన్ని పట్టుకుంటూనే ఉన్నారు.

వార్తల్లో ఎక్కువగా వచ్చేవి టూవీలర్ మీద వెళ్లేవారి మెడ గాయాలు. చేతి గాయాలు వార్త కావు. మెడకు చుట్టుకున్న దారాన్ని అప్రయత్నంగా చేత్తో పట్టుకున్నవారికీ, గాలిపటం ఎగరేసేవారికీ వేళ్ల లోపలి ముడతల దగ్గర కోతలు పడతాయి. అక్కడ చర్మానికీ టెండన్ తొడుగుకూ మధ్య పెద్దగా ఏమీ ఉండదు. కత్తిపీట, పగిలిన గాజు, కొబ్బరికాయ కొట్టేటప్పుడు జారిన కత్తి చేసే గాయాలూ ఇదే కోవలోవి.

దారాన్నో కత్తినో పట్టుకున్నప్పుడు వేళ్లు ముడుచుకుని ఉంటాయి. టెండన్ అప్పటికే లోపలికి జరిగి ఉంటుంది. ఆ స్థితిలో తెగితే, తర్వాత డాక్టర్ ముందు వేలు చాచినప్పుడు టెండన్ తెగిన చోటు చర్మపు గాయం కింద ఉండదు, వేలి కొన వైపు జరిగిపోతుంది. రెండో తెగిన కొసను కండరం అరచేతిలోకి లాగేసుకుంటుంది. గాయంలోంచి చూస్తే తెగిన కొస ఏదీ కనిపించదు. గాయం లోపల శుభ్రంగా ఉందంటే టెండన్ క్షేమమని అర్థం కాదు.

అందుకే గాయాన్ని చూడటం కన్నా వేలిని పరీక్షించడం ముఖ్యం. మధ్య ఎముకను నిటారుగా పట్టుకుని, వేలి కొన ఒక్కటే వంచమనాలి. వంగితే ఎఫ్‌డీపీ ఉన్నట్టు. పది సెకన్ల పని. వంగినా బలం తక్కువగా ఉండి, అడ్డు పెడితే నొప్పి వస్తే సగం తెగి ఉండవచ్చు. టెండన్‌కు రెండు వైపులా వేలి నరాలు నడుస్తాయి కాబట్టి, మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే వేలి కొనకు రెండు పక్కలా స్పర్శ ఉందో లేదో చూడాలి. మత్తు ఇచ్చాక ఆ సమాచారం దొరకదు.

కోత కాకుండా ముల్లు, చేపముల్లు లాంటివి గుచ్చుకుని తొడుగులోకి చీము చేరితే అది మరో అత్యవసరం. వేలంతా సమంగా వాచడం, కాస్త వంగి ఉండిపోవడం, అరచేతి వైపు తొడుగు పొడవునా నొక్కితే నొప్పి, కొంచెం చాచినా భరించలేని నొప్పి, ఈ నాలుగు గుర్తులనూ షికాగో సర్జన్ అలెన్ కనావెల్ పేరుతో చెబుతారు. మాత్రలు వేసుకుని ఆగే జబ్బు కాదిది.

కబడ్డీ కోర్టు, ఖాజాగూడ రాళ్లు

చర్మం మీద గీత కూడా పడకుండా ఎఫ్‌డీపీ ఊడిపోవచ్చు. పారిపోతున్న ఆటగాడి టీషర్టును వేలి కొనలతో పట్టుకున్నప్పుడు, వంగి ఉన్న కొనను ఆ గుడ్డ బలంగా చాచేస్తుంది. కండరం లోపలికి, గుడ్డ బయటికి. టెండన్ ఎముక దగ్గర ఊడి వస్తుంది, ఒక్కోసారి ఎముక ముక్కతో సహా. రగ్బీ, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లలో ఎక్కువగా చూడటం వల్ల జెర్సీ ఫింగర్ అనే పేరు వచ్చింది. మన దగ్గర కబడ్డీలో రైడర్‌ను ఆపే పట్టు ఇలాంటిదే. నాలుగింట మూడొంతుల కేసుల్లో ఊడేది ఉంగరం వేలిదే. పిడికిలి పట్టులో ఆ వేలి కొన మిగతావాటి కన్నా కాస్త ముందుకు ఉండి ఎక్కువ బరువు మోయడమూ, ఆ వేలు విడిగా కదలలేకపోవడమూ దీనికి చెప్పే కారణాలు.

1977లో లెడ్డీ, ప్యాకర్ వీటిని టెండన్ ఎంత దూరం వెనక్కి పోయిందన్న దాన్ని బట్టి విభజించారు. అరచేతి దాకా పోతే టెండన్‌కు రక్తం అందించే సన్నటి పోగులు కూడా తెగిపోతాయి. అప్పుడు వారం, పది రోజుల్లోపే తిరిగి అతికించాలి. మధ్య కణుపు దగ్గర ఆగితే కొన్ని వారాల గడువు ఉంటుంది. పెద్ద ఎముక ముక్కతో ఊడితే అది ఏ4 పుల్లీ దగ్గరే చిక్కుకుని ఆగిపోతుంది. చిక్కేమిటంటే పైనుంచి చూస్తే అన్నీ బెణుకులాగే ఉంటాయి. ఆటల్లో వేలు బెణికితే మర్దన చేసి, పక్క వేలికి టేపు చుట్టి వారాలు గడిపేయడం మామూలే.

హైదరాబాద్‌లో ఖాజాగూడ లాంటి చోట్ల గ్రానైట్ బండలెక్కేవారిలో కథ కొంచెం వేరు. వేలి కొనలతో సన్నటి అంచు పట్టుకుని ఒళ్లంతా వేలాడేసినప్పుడు మధ్య కణుపు బాగా వంగి, కొన వెనక్కి వాలుతుంది. టెండన్ తెగదు గానీ, దాన్ని అదిమి పెట్టే ఏ2 పుల్లీ ఠప్పుమని తెగవచ్చు.

కట్టు బిగిసినప్పుడు

ఎఫ్‌డీపీకి వచ్చే కష్టాల్లో అన్నిటికన్నా తీవ్రమైనది వేలి దగ్గర కాదు, ముంజేతిలో వస్తుంది. ఎక్కువగా పిల్లలకు వస్తుంది. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలు చేయి చాచి కింద పడితే మోచేతికి కాస్త పైన ఎముక విరగడం సాధారణం. విరిగిన ఎముక ముందుకు పొడుచుకుని అక్కడి రక్తనాళాన్ని నొక్కవచ్చు. వాపు పెరుగుతుంది. దాని మీద బిగుతైన కట్టు పడితే ముంజేతిలో కండరాలుండే గదుల్లో ఒత్తిడి ఇంకా పెరిగి, కండరాలకు రక్తం అందదు. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

1881లో జర్మన్ సర్జన్ రిచర్డ్ వాన్ వోల్క్‌మన్ దీని తుది రూపాన్ని వర్ణించారు. రక్తం అందక చనిపోయిన కండ మచ్చకట్టి పొట్టిదై, వేళ్లను శాశ్వతంగా లోపలికి లాగేస్తుంది. ఇందులో ముందుగా, ఎక్కువగా నష్టపోయేవి అడుగు పొరలోని ఎఫ్‌డీపీ, బొటన వేలి కండరం. ఎముకను ఆనుకుని, గట్టి పొరల మధ్య ఉండటంతో వాటికి ఉబ్బడానికి చోటుండదు. వాటికి రక్తం తెచ్చే ఆంటీరియర్ ఇంటరాసియస్ ధమని కూడా ఆ లోతులోనే నడుస్తుంది. తక్కువ స్థాయి కేసుల్లో మధ్య, ఉంగరం వేళ్ల వాటా మాత్రమే చచ్చిపోవడం చూస్తారు. అలాంటి చేతిలో మణికట్టు ముందుకు వంచితేనే వేళ్లు చాచుకుంటాయి, మణికట్టు నిటారుగా పెడితే ముడుచుకుపోతాయి.

హైదరాబాద్‌లో పుత్తూరు కట్టు బోర్డులు ప్రతి పెద్ద రోడ్డు మీదా కనిపిస్తాయి. తక్కువ ఖర్చు, తరాల నమ్మకం, ఆపరేషన్ భయం కలిసి జనాన్ని అటు నడిపిస్తాయి. ప్రమాదం కట్టు కట్టేది ఎవరన్న దానిలో కన్నా, వాపు పెరిగాక దాన్ని వదులు చేసే ఏర్పాటు ఉందా అన్న దానిలో ఉంది. ఆస్పత్రిలో వేసిన పిండికట్టు కూడా ఇదే హాని చేయగలదు. తేడా ఏమిటంటే, మోచేతి పైన విరిగిన పిల్లల్లో నాడి, వేళ్ల కదలిక గంట గంటకూ చూడాలి. కట్టు కట్టి ఇంటికి పంపేసే పద్ధతిలో ఆ వీలు లేదు. పైగా ఈ రకం విరుగుళ్లలో ఎక్కువగా దెబ్బతినే నరం ఆంటీరియర్ ఇంటరాసియస్ శాఖే. ఆ పిల్లవాడిని వేళ్లతో సున్నా చుట్టమని అడగకపోతే అది తెలియదు.

గుర్తుల్లో నమ్మదగింది నొప్పి. మందు వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్లను ఎదుటివారు మెల్లగా చాచినా కేకలు పెట్టించే నొప్పి. నాడి అందుతోంది కదా అని ఊరుకోకూడదు. పెద్ద ధమనిలో రక్తం నడుస్తుండగానే కండలోని సన్న నాళాలు మూసుకుపోవచ్చు. రక్తం అందకుండా సుమారు ఆరు గంటలు దాటితే కండ తిరిగి బతకడం కష్టం. కట్టు అడుగు దాకా కోసి తీసేయడం మొదటి పని. అయినా తగ్గకపోతే ఒత్తిడి తీయడానికి ముంజేతి పొరలను పొడవునా తెరిచే ఫేషియాటమీ ఆపరేషన్ చేయాలి.

కుట్టడం సగమే

అరచేతి చివరి ముడత నుంచి వేలి మధ్య ఎముక వరకు ఉన్న భాగంలో ఎఫ్‌డీఎస్, ఎఫ్‌డీపీ రెండూ ఒకే ఇరుకు తొడుగులో ఉంటాయి. అమెరికన్ సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ దీన్ని ఎవరూ అడుగు పెట్టకూడని చోటు అన్నారు. అక్కడ తెగిన టెండన్లను వెంటనే కుడితే తొడుగుకు అతుక్కుపోతాయి, కాబట్టి చర్మం మాత్రం మూసి, తర్వాత వేరే టెండన్ ముక్క వేయడం మేలన్నది అప్పటి పద్ధతి. 1960ల్లో అమెరికాలో హెరాల్డ్ క్లైనర్ట్, యూరప్‌లో వెర్డాన్ లాంటివారు వెంటనే కుట్టినా మంచి ఫలితాలు వస్తాయని చూపించాక ఆ అభిప్రాయం మారింది. ఇప్పుడు మొదటి వారం, రెండు వారాల్లోపు కుట్టడమే నియమం.

మారింది కుట్టే పద్ధతి ఒక్కటే కాదు, కుట్టాక కదిలించే పద్ధతి కూడా. కుట్టిన టెండన్‌ను కదలనివ్వకపోతే తొడుగుకు అతుక్కుంటుంది. తొందరపడి బలంగా కదిలిస్తే తెగుతుంది. మొదటి మూడు వారాల్లో ఈ రెండు ప్రమాదాలూ పక్కపక్కనే ఉంటాయి. అందుకని మణికట్టు, వేళ్లు పూర్తిగా చాచుకోకుండా చేతి వెనక స్ప్లింట్ వేసి, దాని లోపలే రోజూ లెక్క ప్రకారం వేళ్లు కదిలిస్తారు. సుమారు ఆరు వారాలు స్ప్లింట్, దాదాపు పన్నెండు వారాలు బరువులెత్తకుండా ఉండాలి. కెనడా సర్జన్ డొనాల్డ్ లాలాండ్ ప్రచారం చేసిన పద్ధతిలో రోగి మెలకువగా ఉండగానే చేతికి మాత్రం మత్తిచ్చి ఆపరేషన్ చేస్తారు. బల్ల మీదే వేలు ముడిచి చూపించమంటారు. కుట్టు పుల్లీ దగ్గర తట్టుకుంటోందా, కుట్ల మధ్య సందు వస్తోందా అన్నది అప్పుడే కనిపిస్తుంది.

ఉస్మానియా, గాంధీ, నిమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రులున్న నగరంలో కుట్టే చోటుకు కొరత పెద్ద సమస్య కాదు. పన్నెండు వారాలు ఎలా గడపాలన్నదే అసలు సమస్య. ఆటో నడిపేవారికి, మేస్త్రీకి, టైలర్‌కు మూడు నెలలు చేయి వాడకుండా ఉండటం అంటే మూడు నెలల ఆదాయం. ఫిజియోథెరపీకి రావడానికి బస్సు చార్జీ, ఆ పూట కూలీ రెండూ పోతాయి. మధ్యలో మానేసి వచ్చిన గట్టిపడ్డ వేలును చూసి ఆపరేషన్ ఫెయిలైందని అంటారు. చాలాసార్లు ఫెయిలయ్యేది ఆపరేషన్ తర్వాతి భాగం.

ఆలస్యంగా వస్తే

నెలలు గడిచాక టెండన్ కొసలు మెత్తబడి, కండ పొట్టిదై, ఖాళీ తొడుగు ముడుచుకుపోతుంది. అప్పుడు రెండు కొసలూ లాగి కుట్టడం కుదరదు. తొడుగు పాడైతే ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, కొన్ని నెల్లకు దాని చుట్టూ కొత్త దారి ఏర్పడ్డాక, ముంజేతిలో పెద్దగా పని లేని పాల్మారిస్ లాంగస్ అనే కండరపు టెండన్‌ను తీసి అమరుస్తారు. రెండు ఆపరేషన్లు, రెండు విడతల ఫిజియోథెరపీ.

ఎఫ్‌డీఎస్ క్షేమంగా ఉండి ఎఫ్‌డీపీ మాత్రమే తెగిన వేలిలో లెక్క మారుతుంది. మధ్య కణుపు బాగా వంగుతున్న వేలిలో, ఎఫ్‌డీఎస్ చీలిక గుండా కొత్త టెండన్ దూర్చితే, అది అతుక్కుని ఉన్న కదలికను కూడా పోగొట్టవచ్చు. అందుకే చాలామంది చేతి సర్జన్లు ఇలాంటప్పుడు కొత్త టెండన్ వేయరు. కొన వెనక్కి ఒరిగిపోతూ పట్టు తప్పిస్తుంటే, చివరి కణుపును కాస్త వంచిన స్థితిలో ఎముకలు కలిపి స్థిరం చేస్తారు. ఇబ్బంది లేకపోతే అలాగే వదిలేస్తారు. వీణ వాయించే చూపుడు వేలికీ, పార పట్టే చేతి ఉంగరం వేలికీ ఈ నిర్ణయం ఒకటే కానక్కర్లేదు. ఆ వేలి కొనతో రోజూ ఏం పని చేయాలో రోగి చెప్పాకే సర్జన్ ఒక నిర్ణయానికి రాగలరు.